కుంటిదాన్ని ఇవ్వను

ఆదివారం

ఉడతా,

ఇది దాణా కొట్టువాడు అందరికీ పంచిన డైరీ. మనింట్లో దీని మీద టీ గ్లాసు పెట్టుకోవడమే తప్ప ఎవరూ రాసిన పాపాన పోలేదు. అట్ట మీద గుండ్రటి మరకలు నాలుగున్నాయి. రెండు నీవే. నాకొచ్చిన చదువు మూడో తరగతి వరకు, ఆ పైన నువ్వు కూర్చోబెట్టి దిద్దించినంత. ఒత్తులు తప్పితే నవ్వుకో. నీ నవ్వు నాకు వినపడదు కాబట్టి సిగ్గు లేదు.

ఇంట్లో మాట్లాడితే గొడవవుతోంది. మాట్లాడకపోతే కడుపు ఉబ్బిపోతోంది. అందుకని దీన్ని తెరిచాను.

మీ నాన్న కుంటిదాన్ని అమ్మేస్తానంటున్నారు. మందలో ఇంకే గొర్రె జోలికీ పోరట. అదొక్కటే. మాంసం కొట్టువాడు, అదే ఊరంతా తూకం అని పిలిచేవాడు, గురువారం వచ్చి తోలుకుపోతాడట. "అది సూడిదండీ, రెండు వారాల్లో ఈనుతుంది" అన్నాను. "ఈనేలోపే పోవాలి. దాని పిల్లని కూడా నా కళ్ళతో చూడలేను" అన్నారు.

"అది ఏం చేసింది మిమ్మల్ని?"

"దానికోసం వెనక్కి వెళ్ళే కదా పిల్ల..." అని ఆగిపోయారు.

నాలుగు నెలలుగా ఆ మాట అక్కడే ఆగుతోంది. మీ నాన్న ఆపితే ఊరు పూర్తిచేస్తుంది. వెనకబడ్డ గొర్రె కోసం వానలో గుట్ట వాలెక్కిందట, పిడుగు పడిందట, గొర్రె ఇంటికొచ్చిందట, పిల్ల రాలేదట. ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదా. ఆకాశాన్ని తిడితే దానికి పట్టదు. కుంటిదైతే ఎదురుగా గడ్డి నములుతూ నిలబడి ఉంటుంది.

నేను ఇవ్వనన్నాను. అదంటే నాకు ముద్దేమీ లేదు, నీకు తెలుసు. తొట్టి దగ్గర అన్నిటినీ కుమ్ముతుంది. నీ చొక్కా చెయ్యి నమిలి మింగేసింది. అయినా ఇవ్వను. ఎందుకివ్వవు అని మీ నాన్న అడిగారు. మొండితనం అనుకోండి అన్నాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే కదా అన్నారు. అవును, అదొక్కటే ఇంకా అరగలేదు అన్నాను.

సోమవారం

సూడివి వదిలేసి మిగతావాటి పెరిగిన గిట్టలు కోశాను. వేలు తెగింది. ఇవాళ ఇంతే.

బుధవారం

రేపు గురువారం. ఇవ్వను.

గురువారం

పొద్దున్నే పీట తీసుకెళ్ళి దొడ్డి తడికకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో గంపెడు ఉన్ని, ముళ్ళు ఏరడానికి. ఊరికే కూర్చుంటే పిచ్చిదంటారు. చేతిలో పని ఉంటే పిచ్చిలో కూడా మర్యాద ఉంటుంది.

తొమ్మిదింటికి తూకం బండి వచ్చింది. మనిషి దిగి, చేతులు దులుపుకుని, అలవాటు కొద్దీ బయట తిరుగుతున్న ఒక గొర్రెని రెండు చేతులతో ఎత్తి దింపాడు. "ముప్పై నాలుగు కిలోలు" అన్నాడు. ఎవరూ అడగలేదు.

"వదినా, కొంచెం లేస్తావా? లోపలికెళ్ళాలి."

"నన్నెత్తి పక్కన పెట్టి వెళ్ళు. ఎత్తడం నీకు అలవాటేగా."

"నిన్నెత్తితే బరువు చెప్పాల్సొస్తుంది వదినా. అన్న ముందు బాగోదు."

నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి. నవ్వించినందుకు వాడి మీద ఒళ్ళు మండింది.

మీ నాన్న వచ్చారు. "లేవే."

"లేవను."

"రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు చూస్తున్నారు."

"చూడనివ్వండి. టిక్కెట్టు లేదు."

ఆయన పీట కాలు పట్టుకుని లాగబోయారు. నేను తడిక పట్టుకున్నాను. ఇద్దరం యాభై దాటినవాళ్ళం ఒక పీట కోసం కొట్టుకుంటుంటే దొడ్డిలో గొర్రెలన్నీ ఇటే చూస్తున్నాయి. కుంటిది కూడా చూసింది. దానికేం తెలుసు.

చివరికి తూకమే అడ్డొచ్చాడు. "అన్నా, నాది మంచి పని అని నేనెప్పుడూ చెప్పుకోలేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, అది దాని ఖర్మ. కానీ నిండు సూడిదాని మీద నా కత్తి లేవదు. ఒక వారం చూడు. ఈలోపు ఈనితే సరి."

"ఈనినా ఈనకపోయినా వచ్చే గురువారం నువ్వు తోలుకుపోతున్నావు. ఇది ఖాయం" అన్నారు మీ నాన్న.

తూకం వెళ్తూ తడిక మీంచి తొంగి కుంటిది పొట్ట చూశాడు. "ఒకటే పిల్ల. కానీ పెద్దది" అన్నాడు. ఎత్తకుండానే చెప్పాడు.

ఒక వారం దొరికింది. అది కూడా నేను అడుక్కున్నది కాదు.

శుక్రవారం

మీ నాన్నకీ నాకూ మాటల్లేవు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి "ఇదిగో టీ" అని గోడకి చెప్తున్నాను. ఆయన తాగి, చక్కెర తక్కువైందని తలుపుకి చెప్తున్నారు.

శనివారం

మీ నాన్న బలగం పిలిపించుకున్నారు. మీ అత్త వచ్చింది. తమ్ముడు ఒక్క మాట అంటే చాలు, వాళ్ళక్క సంచీ సర్దుకుని బస్సెక్కేస్తుంది. ఆ సంచీలో నాకోసం బలానికి సీసాలు, నిద్రకి మాత్రలు.

"ఎంత చిక్కిపోయావమ్మా. నాలుగు రోజులు నాతో వచ్చి ఉండు. కడుపునిండా నిద్రపో."

"నిద్రపోతే ఏమవుతుంది వదినా?"

"ఏమో, డాక్టరు అదే అంటాడు. కాలు నొప్పన్నా నిద్రపొమ్మంటాడు, కళ్ళు మంటన్నా నిద్రపొమ్మంటాడు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే..."

అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మీ నాన్న లేచి బయటికి వెళ్ళిపోయారు. మీ అత్త మొహం చూడలేకపోయాను. పాపం, చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్న సామెత. దానికేం తెలుసు ఇక మా ఇంట్లోకి రాకూడదని.

"పూర్తి చెయ్యి వదినా. మాట మాత్రం ఏం చేసింది" అన్నాను.

పూర్తి చెయ్యలేదు. కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నిన్ను తప్పు పట్టడానిక్కాదు. నాకు తెలీక అడుగుతున్నా. ఆ మబ్బులో పిల్లని అసలు ఎవరు వెళ్ళనిచ్చారు?"

పాలు పొంగుతున్నాయని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

పొయ్యి మీద పాలు లేవు.

తిరిగొచ్చేసరికి ఆ మాట వదిలేసి ఇంకోటి అందుకుంది. "ఒక గొర్రె కోసం మొగుడితో పంతమేంటే? వాడు దాన్ని చూసినప్పుడల్లా చచ్చి బతుకుతున్నాడు. అయినా రోజంతా ఆ పెంటలో ఏం చేస్తావు నువ్వు?"

ఆదివారం

రోజంతా ఏం చేస్తావు అంది కదా. రాస్తాను. ఆవిడ చదవదు, అయినా రాస్తాను.

తెలతెలవారుతుండగా లేచాను. ముందు ఆవు. పొదుగు కడిగి పాలు తీశాను. ఇవాళ తన్నలేదు. తన్నలేదంటే ఒంట్లో బాగోలేదేమోనని మూతి తడిమి చూశాను. చల్లగా, తడిగా ఉంది. బాగానే ఉంది. బకెట్టు నిండాక ఒక్క తన్ను తన్ని దొర్లించింది. మంచి సమయం చూసుకుంది.

తర్వాత కోళ్ళు. గూడు తలుపు తీయగానే పుంజు బయటికొచ్చి ప్రపంచాన్ని తనే లేపినట్టు రొమ్ము విరుచుకుంది. నేను లేచి అప్పటికే గంటయింది, దానికి చెప్పేదెవరు. గుడ్లు తొమ్మిది. ఒకటి ఎప్పట్లాగే పారలు పెట్టే మూలలో ఉంది. అక్కడ పెట్టే దొంగ కోడి ఏదో నేనింకా పట్టుకోలేదు.

ఆ తర్వాత దొడ్డి. పెంట నాలుగు తోపుడు బండ్లు ఎత్తి పోశాను. తడిసిన గడ్డి తీసేసి పొడిది పరిచాను. నీళ్ళ తొట్టి పాచి పట్టింది, ఇటుక ముక్కతో గీకి కడిగాను. పంపు కొడితే మొదటి పది బకెట్లూ ఎర్ర నీళ్ళే.

నల్లమూతిదానికి ఒక చన్ను రాయిలా గట్టిపడింది. వేణ్ణీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి పిండాను. పాలు గడ్డలు గడ్డలుగా వచ్చాయి. అది నన్ను దాని భాషలో తిట్టింది. నేనూ తిట్టాను. కాసేపటికి పాలు తెల్లగా సాగాయి. తిట్లు ఆగాయి. ఇద్దరం ఏమీ మనసులో పెట్టుకోలేదు.

దాణా పెట్టేటప్పుడు ఒక పిల్ల చిన్న బకెట్టులో తల దూర్చి తియ్యలేక, బకెట్టుతోనే దొడ్డంతా గంతులేసింది. అది ఎటు వస్తే మంద అటు నుంచి ఇటు పరుగు. పెద్ద పొట్టేలు, కొమ్ములేసుకుని పుట్టినవాడు, బకెట్టుని చూసి గోడ మూలకి దాక్కున్నాడు. మీ అత్త గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వింది. నన్ను చూసి టక్కున ఆపేసింది.

"నవ్వు వదినా. ఆపుతావెందుకు?"

"ఈ ఇంట్లో ఏది తప్పో ఏది కాదో నాకు తెలీట్లేదమ్మా."

"నాకూ తెలీట్లేదు. నవ్వు."

పది గంటలకి మంద బయటికి. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మీ నాన్న వాటిని కాలవ అవతలికి తోలుతున్నారు. అక్కడ గడ్డి లేదు, రాళ్ళే. వాలు మీదికి ఎవరూ వెళ్ళట్లేదు. పక్కవాళ్ళు కూడా తోలట్లేదు. ఇవాళ నేను కర్ర తీసుకుని వాలు వైపు తిప్పాను. మీ నాన్న చూశారు. గోడకి కూడా ఏమీ చెప్పలేదు.

సూడివి నెమ్మదిగా ఎక్కాయి. కుంటిది అన్నిటికన్నా వెనక, నా పక్కనే. దాని ఊపిరి నాకు వినపడుతోంది, నా ఊపిరి దానికి వినపడి ఉంటుంది. పైకి వెళ్ళాక చూశాను. ఆ రోజు నల్లగా మాడిన చోట, రెండు చాపలంత మేర, గడ్డి మళ్ళీ వచ్చింది. చుట్టుపక్కల దానికన్నా పచ్చగా, ఒత్తుగా వచ్చింది. గొర్రెలు నేరుగా అక్కడికే పోయి తలలు వంచాయి.

తోలుదామని కర్ర ఎత్తాను.

దించాను. తిననిచ్చాను. నువ్వైనా తిననిచ్చేదానివే. నేను అక్కడే కూర్చున్నాను. ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు. పైకి చూసి, పడితే పడు, ఇక్కడే ఉన్నాను అన్నాను. ఆకాశం నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

దిగేటప్పుడు వానకి తేలిపోయిన కంచె కర్రలు రెండు పాతాను. ఇంటికొచ్చి ఆవుకి రెండో పూట, కోళ్ళకి గింజలు, తెగిన వేలికి పసరు.

సాయంత్రం తడిక దగ్గర నిలబడి గొర్రెల్ని లోపలికి లెక్కపెట్టేది మీ నాన్న. నాలుగు నెలలుగా ఆయనే. నాకు మోకాళ్ళ నొప్పి, అంతసేపు నిలబడలేను. అంతకు ముందు ఇరవై ఏడేళ్ళు నేనే లెక్కపెట్టాను. నా లెక్క ఏనాడూ తప్పలేదు.

నలభై ఒకటి.

ఇదీ నేను రోజంతా చేసేది.

సోమవారం

ఆ రోజు కుంటిది వెనకబడలేదు.

పై మాట కొట్టేద్దామని కలం పట్టుకున్నాను. కొట్టెయ్యను.

మంగళవారం

ఉడతా, ముందు నీకు చెప్తాను. తర్వాతే మీ నాన్నకి.

తడిక ఎంత తియ్యాలో నీకు తెలుసు. ఒక్క గొర్రె పట్టేంత. మోకాలు అడ్డం పెట్టి, ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి లోపలికి పంపాలి. చెయ్యి పడితేనే లెక్క. కళ్ళతో లెక్కపెట్టకూడదు, ఉన్నిలో ఉన్ని కలిసిపోతుంది. మా అత్తగారు నాకు నేర్పారు, నేను నీకు నేర్పాను. ఎంత తొందరున్నా బార్లా తియ్యకే అని నిన్ను ఎన్నిసార్లు కసిరానో నాకే గుర్తులేదు.

ఆ రోజు నేను బార్లా తీశాను.

మబ్బు నెత్తి మీదికి దిగింది. తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. నా ధ్యాసంతా వాటి మీదే. దుప్పట్ల కోసం, ఉడతా. తడిక తోసి పడేశాను. గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జంటలు జంటలుగా దూరాయి. చెయ్యి పడ్డవి పడ్డాయి, పడనివి పడలేదు. నలభై వచ్చాయి.

నువ్వు వెనక కర్ర పట్టుకుని వస్తున్నావు. గాలికి జుట్టంతా మొహం మీదికొచ్చింది. "ఒకటి తగ్గింది. కుంటిదే అయ్యుంటుంది, ఎప్పుడూ అదేగా. వెళ్ళి చూడు" అన్నాను.

"అన్నీ నా ముందే నడిచాయమ్మా" అన్నావు.

"నా లెక్క తప్పదు. వెళ్ళు" అన్నాను.

మళ్ళీ రాస్తున్నాను. అన్నీ నా ముందే నడిచాయమ్మా అన్నావు. నా లెక్క తప్పదు, వెళ్ళు అన్నాను.

నువ్వు నాలుక బయటపెట్టి వెక్కిరించి వెళ్ళావు. ఇరవై రెండేళ్ళొచ్చినా అదే వెక్కిరింత.

దుప్పట్లు తీసి లోపల పడేశాను. వాన మొదలైంది, కుండలతో పోసినట్టు. గడ్డి వేద్దామని దొడ్డిలోకి వెళ్ళాను. వెనక గోడ వారన కుంటిది పడుకుని నెమరేస్తోంది. వీపు మీద చెయ్యి వేశాను. పొడిగా ఉంది. ఉన్ని విడదీసి తోలు దాకా వేళ్ళు పెట్టి చూశాను. చుక్క తడి లేదు. వాన రాకముందే, అందరితో పాటే, అది లోపలికొచ్చింది. నా చెయ్యి దాని మీద పడలేదు, అంతే.

బయటికి పరిగెత్తి అరిచాను. "లెక్క తప్పింది, వచ్చెయ్" అని రెండుసార్లు అరిచాను. మూడోసారి నోరు తెరిచేసరికి వాలంతా తెల్లగా అయిపోయింది.

తర్వాత జనం వచ్చారు. గొర్రె దొరికిందా అని ఎవరో అడిగారు. దొడ్డిలో ఉంది అన్నాను. అంతే అన్నాను. నువ్వు దాన్ని ముందు తోలేసి వెనకబడ్డావని వాళ్ళే అనుకున్నారు. మీ నాన్న కూడా. నేను అనుకోనిచ్చాను. నాలుగు నెలలు ఒక కుంటి గొర్రె వెనక దాక్కున్నాను. దాన్ని ఊరంతా తిడుతుంటే, అమ్మయ్య, నన్ను కాదు అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆదివారం నా లెక్క ఏనాడూ తప్పలేదని రాశాను. అది అబద్ధం. మోకాళ్ళ నొప్పి కూడా అబద్ధం.

బుధవారం

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. కాళ్ళు కడుక్కుంటాను.

గురువారం

తూకం ఎనిమిదింటికే వచ్చాడు. కుంటిది ఇంకా ఈనలేదు. ఈసారి నేను పీట వెయ్యలేదు. మీ నాన్న లోపలికెళ్ళి దాని మెడకి తాడేసి తడిక దాకా లాక్కొచ్చారు. మొహం అటు తిప్పుకుని లాగుతున్నారు. అది మూడు కాళ్ళ మీద గంతులేస్తూ, బరువుకి ఒగరుస్తూ వస్తోంది. మీ అత్త అరుగు మీద టీ గ్లాసుతో నిలబడింది.

"తాడు వదలండి" అన్నాను.

"మళ్ళీ మొదలెట్టకు."

"ఇది వెనకబడలేదు. అందరితో పాటే వచ్చింది. నేను తడిక బార్లా తీసి తప్పు లెక్కపెట్టాను. పిల్లని వెనక్కి పంపింది నేను."

తూకం టోపీ తీసేశాడు. ఎందుకు తీశాడో వాడికీ తెలిసి ఉండదు.

మీ నాన్న నన్నే చూస్తున్నారు. "అబద్ధం. దీన్ని కాపాడ్డానికి చెప్తున్నావు."

"వీపు పొడిగా ఉందండి. బయట కుంభవృష్టి. దీని వీపు మీద చుక్క తడి లేదు. నేను చెయ్యి పెట్టి చూశాను."

"అబద్ధం."

"కాదు."

"ఎందుకు చెప్తున్నావే ఇలాంటివి!" అని అరిచారు. కుంటిది బెదిరి ఆయన కాళ్ళకి చుట్టుకుంది. తర్వాత గొంతు దించి అడిగారు. "పిల్ల ఏమంది?"

"అన్నీ నా ముందే నడిచాయమ్మా అంది. నేను వినలేదు."

నీ మాట అది. నువ్వు అన్నట్టే ఉంది కదా. ఆయనకి వినపడింది. నాకు తెలుసు, నీ గొంతుతోనే వినపడింది. తాడు చేతిలోంచి జారిపోయింది. ఆ బురదలోనే, నిలబడ్డ చోటే కూర్చుండిపోయారు.

మీ అత్త గ్లాసు పెట్టేసి వచ్చింది. "ఇది నాలుగు నెలలు కడుపులో పెట్టుకుని అన్నం ఎలా తిన్నావే?"

"తినలేదు వదినా. చూస్తూనే ఉన్నావుగా."

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ వంగి, కుంటిదాని మెడలో తాడు ముడి విప్పడం మొదలెట్టింది. ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది.

"నేను వెళ్తాను, అన్నా. నన్ను మళ్ళీ పిలవకు దీనికోసం" అన్నాడు తూకం. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మీ నాన్న లేచి, నా పక్కనుంచి, నన్ను తగలకుండా వెళ్ళి గడ్డి పాకలో తలుపేసుకున్నారు. క్షమించమని నేను అడగలేదు. అడగను. అడిగితే ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. ఇది నాది, నేను మోస్తాను. కానీ ఇకమీదట ఊళ్ళో ఎవరైనా కుంటిదాన్ని ఒక్క మాటంటే, నా పేరు పెట్టి అనమంటాను.

శుక్రవారం

మీ నాన్న ఇంకా పాకలోనే. మీ అత్త అన్నం పట్టుకెళ్ళి ఇచ్చొచ్చింది.

"తిన్నారా?"

"తిన్నాడు. నీ గురించి అడగలేదు."

మంచిది. ఉన్నమాట చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

సాయంత్రం తడిక దగ్గర నేనే నిలబడ్డాను. ఒక్క గొర్రె పట్టేంతే తీశాను. నలభై ఒకటి వచ్చింది. బయటికి తోలి మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఒకటి. మూడోసారి తోలబోతే పొట్టేలు కదలనంది. మీ అత్త "వాటికీ ఓపికుండాలి కదే" అంది.

శనివారం

పొద్దున తొమ్మిదింటికి కుంటిది మూలకి చేరి కాలితో నేల గీరడం మొదలెట్టింది. పదింటికి ఉమ్మనీరు పోయింది. పదకొండైనా ఒక్క గిట్టే బయటికి కనపడుతోంది. ఒక్కటే కనపడిందంటే రెండోది లోపల మడతపడిందని. మీ అత్తకి ఇవి తెలీవు. ఆవిడ గుమ్మం పట్టుకుని "ఏమవుతోందే, ఏమవుతోందే" అంటోంది. నేను మోచేతుల దాకా సబ్బు రాసుకుంటున్నాను.

పాక తలుపు తెరుచుకుంది. మీ నాన్న వేణ్ణీళ్ళ బకెట్టుతో వచ్చారు. రెండు రోజుల గడ్డం, జుట్టు నిండా గడ్డి. నా మొహం చూడలేదు. గొర్రెని చూశారు.

"ఎంతసేపయింది?"

"గంట."

కింద మోకాళ్ళ మీద కూర్చుని కుంటిదాని మెడ చుట్టూ చేతులేసి పట్టుకున్నారు. నాలుగు నెలలుగా ముట్టుకోని గొర్రె. అది నొప్పికి తల ఆయన భుజం మీద పెట్టేసింది. నేను చెయ్యి లోపలికి పోనిచ్చాను.

"దొరికిందా?"

"మోకాలు తగిలింది."

"పిల్లని వెనక్కి తోసి, అప్పుడు కాలు లాగు."

"తెలుసు."

"తెలిస్తే చెయ్యి."

"అరవకండి, బెదురుతుంది."

"నేనెక్కడ అరిచాను?"

అరవలేదు. ఏడుస్తున్నారు. దాని ఉన్నిలో మొహం పెట్టుకుని ఏడుస్తున్నారు. నా చెయ్యి లోపల నలిగిపోతోంది. వేళ్ళ కొసలకి చిన్న గిట్ట తగిలింది, మెత్తగా. అరచేతిలో గిట్టని మూసి, లోపల గీసుకోకుండా మెల్లగా ముందుకు తిప్పాను. ఆ తర్వాత కుంటిది ముక్కింది, నేను లాగాను. ఒక్కసారిగా వచ్చి నా ఒళ్ళో పడింది.

కదల్లేదు.

"ఊపిరి లేదు" అన్నాను.

మీ నాన్న లాక్కుని, వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఒకసారి ఊపారు. ముక్కులోంచి జిగురు కారింది. నేను గడ్డితో దాని పక్కలు రుద్దాను, తోలు ఊడిపోతుందా అన్నట్టు రుద్దాను. "లే, లేవవే, లే" అంటున్నాను. ఎవరితో అంటున్నానో నాకే తెలీదు. ఆయన ఒక గడ్డిపరక దాని ముక్కులో పెట్టారు. ఒక్క తుమ్ము తుమ్మింది. మీ అత్త గుమ్మంలో కూలబడి పెద్దగా ఏడ్చేసింది.

ఆడపిల్ల. కాళ్ళు నాలుగూ తిన్నగా ఉన్నాయి. కుంటిది లేచి, తిరిగి, దాన్ని నాకడం మొదలెట్టింది. మమ్మల్నిద్దర్నీ తలతో పక్కకి నెట్టింది. అయిపోయిందిగా మీ పని, పొండి అన్నట్టు.

ఆ తడి గడ్డిలోనే కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా.

"నీ మీద కోపం పోదు" అన్నారు.

"పోవద్దు."

"ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు."

"ఉండనివ్వండి. ఇల్లు చిన్నదేం కాదు."

చాలాసేపు పిల్ల పాలు తాగడం చూశాం. మొదటి రెండుసార్లు చన్ను దొరక్క తల్లి మోకాలు చప్పరించింది. మీ నాన్న చెయ్యి చాపి, దాని మూతి సరైన చోటికి తిప్పారు.

"దీన్ని ఎవరికీ ఇవ్వను" అన్నారు. నాతో కాదు, గోడతోనూ కాదు. కుంటిదానితో అన్నారు.

మీ అత్త మూడు పళ్ళేలు దొడ్డిలోకే తెచ్చింది. వేడి అన్నం. మీ నాన్న తన పళ్ళెం తీసుకుని దూరంగా, తడిక పక్కన కూర్చుని తిన్నారు. ఇంట్లోకి వస్తారో పాకలోనే ఉంటారో అడగలేదు. నేను తిన్నాను. మళ్ళీ పెట్టించుకున్నాను. మీ అత్త నా పళ్ళెం వైపు చూసింది. సిగ్గేసింది. అయినా తిన్నాను. ఆకలేసింది ఉడతా.

నువ్వున్న చోట నీకు వండిపెట్టేది ఎవరో నాకు తెలీదు. ఎవరైనా సరే, మొహమాటపడకు. చాలకపోతే అడిగి పెట్టించుకో. కడుపు నిండా తిను.